మిరపకాయ ఉప్పైన రోజు

ఆస్పత్రి వంటశాలలో ఆమెను అందరూ మిరపకాయ అనేవారు. నోరు విప్పిందంటే ఎదుటివాళ్లకు కళ్లనీళ్లే! లోకానికి ఉప్పుగా ఉండమన్న బైబిలు వాక్యం పొద్దున చదివింది మొదలు ఆమె మనసు దాని చుట్టూనే తిరుగుతోంది.

మధ్యాహ్నం పెద్ద డాక్టరు, వడ్డిస్తున్న ఆమె తోటికోడలితో, "కూర అదరగొట్టావమ్మా!" అన్నాడు. వండింది మిరపకాయ. నాలుక చివరి దాకా వచ్చిన మాటను ఆమె పంటి బిగువున ఆపుకుంది.

డాక్టరు వెళ్లాక తోటికోడలే ఆగలేకపోయింది. "అదేంటక్కా, నువ్వు ఊరుకున్నావ్! ఒంట్లో బాగోలేదా?"

"కూరలో ఉప్పు గురించి ఆయనేమైనా అన్నాడా?"

"లేదే!"

"ఉప్పు సరిగ్గా పడితే దాని మాట ఎవరెత్తుతారే!" అంటూ మిరపకాయ గరిటెను జెండాలా పైకెత్తి, గిన్నెలు మోగేలా నవ్వింది.