ఖాళీ కుర్చీల సమ్మతి

సభాపతిగారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏ తీర్మానానికైనా ఓట్లు అడిగే ముందు ఖాళీ కుర్చీలను అడిగేవారు. "ఖాళీ కుర్చీలవారూ, తమరేమంటారు?" అని చెవి ఒగ్గేవారు. ఫ్యాన్లన్నీ ఆగి ఉన్నా వెనక వరసలో ఏదో కుర్చీ కిర్రుమనేది. "విన్నాను" అని తలూపేవారు. సభ్యులు నవ్వుకునేవారు గానీ, మైకులు చూసే అమ్మాయికి ఒళ్ళు జలదరించేది. ఆ వరస మైకులు తనే ఆపేసినా, కిర్రుమన్న కుర్చీ ముందు మైకు ఎర్రదీపం వెలిగేది మరి!

"పెళ్ళిచూపుల్లోనూ అంతే," అనేది ఆయన భార్య. "నా పక్కనున్న ఖాళీ కుర్చీని అడిగారు. అది నోరు మూసుకుని ఉంటే నేను బతికిపోయేదాన్ని!"

ఇంతలో యుద్ధ తీర్మానం వచ్చిపడింది. సైన్యం ప్రధాని చేతిలోదే అయినా, సభ సరేననకుండా సరిహద్దు దాటకూడదని చట్టం. సంధి మాటలకు వెళ్ళిన రాయబారి సాయంత్రానికి తిరిగొస్తాడు. ఆలోపే కానిచ్చెయ్యాలని ప్రధాని ఆత్రం. సరిహద్దులో లారీ ఎక్కి కూర్చున్నవాళ్ళలో మైకమ్మాయి తమ్ముడూ ఉన్నాడు. సభలో కాదనే మొనగాడు ఒక్కడూ లేడు. సగంమంది భయపడి రానేలేదు.

సభాపతి కిందికి దిగి, ఖాళీ కుర్చీలను ఒక్కొక్కదాన్నే అడగడం మొదలుపెట్టారు.

"పెద్దాయనా, మతి పోయిందా?" అని ప్రధాని అరిచారు.

"పోయి చాలా ఏళ్ళయింది బాబూ. తమరికి ఇవాళ తెలిసిందా?"

అడిగిన ప్రతి కుర్చీ కిర్రుమంది. అదీ వెంటనే కాదు, బాగా ఆలోచించుకుని చెప్పినట్టు. సభ్యులు కాళ్ళు పైకి ముడుచుకున్నారు. ప్రధాని కూడా తన కుర్చీ వైపు ఒకసారి చూసుకుని, అంచుకు జరిగి కూర్చున్నారు. పొద్దు వాలేసరికి రాయబారి రానే వచ్చాడు. సంధి కుదిరింది, తీర్మానం అటకెక్కింది, లారీలు వెనక్కి తిరిగాయి.

అందరూ వెళ్ళాక మైకమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "ఇన్నాళ్ళూ వేషమేనా సార్?"

"మరి? ఇవాళే పిచ్చెక్కితే ఎవరు నమ్ముతారమ్మా! ఆయన చేతిలో తుపాకులున్నాయి. మన చేతిలో ఉన్నది ఆలస్యమొక్కటే. పెళ్ళిచూపుల్లో సరదాకి అన్నదాన్నే, ఏదో ఒకరోజు పనికొస్తుందని సభలో అలవాటు చేశాను."

"కిర్రుమనిపించడం ఎలా సార్? తాడు కట్టారా?"

సభాపతి ముఖంలో నవ్వు ఆగిపోయింది. "అది నీ పని కాదూ? ముసలాడి పరువు కాపాడుతోంది, మంచి పిల్ల అనుకున్నానే!"

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.

సభాపతి అటు తిరిగి దండం పెట్టారు. "చాలా సాయం చేశారండీ," అని, మైకమ్మాయి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు గబగబా నడిచారు. "లైట్లు మాత్రం ఆర్పకమ్మా. పాపం, వాళ్ళింకా కూర్చున్నారు."