నేనమ్మిన నాలుగు డజన్ల తాళంకప్పలు

దొంగలు ఓ వీధిని దోచుకోవాలంటే చీకటి కావాలి, గునపం కావాలి, కాస్త ధైర్యమూ కావాలి. నేను కోటబొమ్మాళిలో నాలుగు డజన్ల తలుపుల్ని పట్టపగలు, రసీదు రాసిచ్చి మరీ బార్లా తెరిచేశాను. నవ్వదలుచుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి.

అప్పటికి నాకు పాతికేళ్లు. మా గున్నయ్య మావకు బజారులో ఇనప సామాన్ల కొట్టుండేది. ఆయనకు పిల్లల్లేరు. ఆ కొట్టు నాకే వస్తుందని నా నమ్మకం. వస్తుందేమోనని మావ భయం. కంట్లో శుక్లం తీయించుకోవడానికి విజయనగరం వెళ్తూ కొట్టు నాకు అప్పజెప్పాడు.

"ఒరే పైడిరాజూ, వారం దినాలు సక్కగా నడిపితే కొట్టు నీ పేరున రాసేస్తాను. కొత్త పనులేటీ సెయ్యకు."

మర్నాడే ఓ తాళాల కంపెనీ మనిషి బండి మీద దిగాడు. కంపెనీ తన కప్పల రకాలన్నీ మార్చేసిందట. పందికొక్కుల్లా నల్లగా, బరువుగా ఉండే పాతకాలపు కప్పలకు సెలవు. కొత్తవి ఎరుపు, పచ్చ, నీలం రంగుల్లో జాతరలో అమ్మే చిలకల్లా ఉన్నాయి.

"సముద్రపు గాలికి తుప్పు పట్టవు సార్," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక నన్ను 'సార్' అన్న మొదటి మనిషి. తుప్పు సంగతేమో గాని, నేనక్కడే కరిగిపోయాను. నాలుగు డజన్ల పెద్ద పెట్టె దింపించాను.

"ఇది హాస్టళ్లకీ గోడౌన్లకీ ప్రత్యేకం సార్. పెట్టె మీదంతా రాసున్నాది, సదువుకోండి."

"సదువుతాను," అన్నాను. పెట్టె మీద రాసింది చదవడం తెలివితక్కువవాళ్ల పని అని ఆ రోజుల్లో నా అభిప్రాయం. పెట్టె ఖాళీ చేసి, బోర్లించి, దాని మీదే కూర్చున్నాను.

మూడు రోజుల్లో నలభై ఏడు కప్పలు అమ్ముడైపోయాయి. మిగిలిన ఎర్రదాన్ని ప్రచారం కోసం మన కొట్టు షట్టరుకే వేశాను. మావ పాత కప్పను తుక్కులో పడేశాను.

నాలుగో రోజు ఎండుచేపలమ్మే అప్పలనర్సమ్మ వచ్చింది.

"ఒరే, నువ్విచ్చిన కప్ప మంచిదేనా?"

"బంగారం పిన్నీ. ఏటైనాది?"

"ఏటీ అవనేదు. ఒకలి సెవి ఇంకొకలి కప్పకి పడతాదేటని."

"పడదు. ఎవులి కప్పకి పడింది?"

"పడిందని నానన్నానేటి?" అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

వెనకే రిటైరైన సన్యాసిరావు మాస్టారు వచ్చారు. "పైడిరాజూ, ఊరికే జ్ఞానం కోసం అడుగుతున్నాను. ఎదురింటి తాళం మన చెవితో రావడం సాధ్యమా?"

"మీరు గాని పెట్టి సూసినారేటి మాస్టారూ?"

"నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణిరా."

గమనించారా? లేదు అనలేదు.

సాయంత్రానికి పది మంది వచ్చారు. ఒక్కరిదీ ఫిర్యాదు కాదు, అందరివీ సందేహాలే. అప్పుడు లేచి, నేను కూర్చున్న పెట్టెను తిరగేసి చదివాను. వేలెడంత అక్షరాలు: 'అన్ని కప్పలకూ ఒకే తాళంచెవి.'

వెనకటికెవరో తాళం వేసి గొళ్లెం మరిచారట. నేను ఊరందరి గొళ్లేలకూ తాళాలు వేయించి బుర్రను మరిచాను.

పోయిన పరువును ఏరుకుందామని ఇల్లిల్లూ తిరిగాను. "కప్ప వాపసివ్వండి, వేరేది ఇస్తాను."

"నా కప్పకేటి, బాగానే ఉన్నాది," అంది అప్పలనర్సమ్మ.

"ఎందుకురా శ్రమ?" అన్నారు మాస్టారు.

ఒక్కరూ ఇవ్వలేదు. ఎలా ఇస్తారు? ఇస్తే ఎదురింటి తాళంలో చెవి తిప్పి చూశామని ఒప్పుకున్నట్టే. పైగా చేతిలో ఉన్నది నలభై ఎనిమిది తలుపుల చెవి. ఏ పెట్టెలో ఏముందో ఊరంతటికీ తెలిసిపోయింది. చక్కెర జబ్బని టీలో కూడా పంచదార వద్దనే మాస్టారి ట్రంకులో బెల్లం జీడి మిఠాయి డబ్బా ఉందని తెలిసింది. మంచి సరుకు అయిపోయిందనే అప్పలనర్సమ్మ గదిలో గంపెడు వంజరం ముక్కలున్నాయని తెలిసింది. తెలిసినా ఎవరూ నోరెత్తలేదు. వీధంతా ఒకరినొకరు వియ్యంకుల్లా పలకరించుకోసాగారు. అంత మర్యాద ఆ వీధిలో అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఏడో రోజు మావ దిగాడు. నెమ్మదిగా చెప్పుకుందామని స్టేషనుకి వెళ్లాను. నల్ల కళ్లద్దాలు చూసేసరికి ఆ మాట వదిలేసి చేతిసంచీ అందుకున్నాను. రైలు ఆలస్యం, మేం బజారు చేరేసరికి పొద్దున్న పది దాటింది.

షట్టరు పైకెత్తి ఉంది.

లోపల అప్పలనర్సమ్మ మేకులు తూస్తోంది. మాస్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో రసీదులు రాస్తున్నారు. జనం వరసలో నిలబడి ఉన్నారు. మా కొట్టు ముందు వరస చూడడం నాకదే మొదలు.

"ఎవులు తెరిసినారు?" అన్నాడు మావ.

"ఎవులైతే ఏటి అన్నా," అంది అప్పలనర్సమ్మ తల తిప్పకుండా. "ఈడు రానేదు. అందరికాడా సెవి ఉన్నాది కదా, తెరిసినాం."

మావ కళ్లద్దాలు తీశాడు. డాక్టరు తియ్యొద్దన్నాడట, అయినా తీశాడు. జరిగిందంతా నాచేత చెప్పించుకున్నాడు. మేకుల త్రాసునూ, రసీదులనూ, ఆఖర్న నన్నూ చూశాడు. కొత్త కన్ను బాగానే పనిచేస్తున్నట్టుంది.

"కొట్టు సక్కగానే నడుస్తన్నాదిరా."

నా ప్రాణం లేచొచ్చింది. "మరి నా పేరున రాస్తానన్నావు కదా మావా?"

"నీకెందుకురా? నడపడానికి నలభై ఏడు మంది ఉన్నారు."

ఆ పూటే ఆ ఖాళీ పెట్టె మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. పెట్టె మీది ప్రతి అక్షరమూ చదవనిదే ఇక ఈ జన్మలో ఏ వస్తువూ అమ్మను. నేటికీ ఆ మాట తప్పలేదు. అమ్మడానికి కొట్టు లేకపోవడం ఇందుకు ఎంతో కలిసొచ్చింది.