వీధికి పెట్టిన బొట్టు

కెనడాలోని రెజైనాలో క్లాసుకు వెళ్లే మా తెలుగువాళ్లతో బస్టాప్ నిండిపోయింది. పక్కనే రోడ్డు పనివాళ్లు పేవ్‌మెంట్ మీద ఎర్ర రంగు స్ప్రే చేస్తున్నారు. ఆ వాసనకు కడప జిల్లాలోని మా చిన్న టౌను, అక్కడి గడియారస్తంభం వీధి గుర్తుకొచ్చాయి.

అప్పుడు నాకు ఆరేళ్లు. ఒక ఉదయం ఎవరో వచ్చి వీధిలోని కొట్లన్నిటి మీదా ఎర్ర గుర్తులు వేసి వెళ్లారు. కాస్త వెనక్కి ఉన్న మా ఇంటికి వేయలేదు. పక్కనే సోడా కొట్టు నడిపే మస్తాన్ తాతను అడిగాను.

"ఈ గుర్తులెందుకు తాతా?"

"వీధికి పెండ్లి పాపా. బొట్టు పెట్టినారు," అన్నాడు నవ్వుతూ.

"మా గోడకూ పెట్టు తాతా."

ఆయన నవ్వు ఆగిపోయింది. "వద్దు పాపా. మీ ఇల్లు సల్లగుండనీ."

నేను అలిగాను.

కొన్నాళ్లకు రోడ్డు వెడల్పు చేయడానికి కొట్లన్నీ కూల్చేశారు. గడియారస్తంభమూ పోయింది. పెళ్లివాళ్లు ఇంకా రాలేదేమని నేను అమ్మను అడుగుతూనే ఉన్నాను. తాత సోడా సీసాలు సర్దుకుని కూతురి ఊరికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ వీధిలో బస్సులకు అడ్డేమీ లేదు. రోడ్డు అంచున మా ఇల్లు అలాగే ఉంది. తన కొట్టు పోతుందని తెలిసిన మనిషి మా గోడ నిలవాలని కోరుకున్నాడని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.