మోహిని బొమ్మలకు రాసిన నూనె

కాశీబుగ్గలో మోహిని ఫోటో స్టూడియో తెలియనివాళ్లు తక్కువ. పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించే పనికి పెళ్లికి ముందే ఆమె అందులో చేరింది. యజమానికి చూపు మందగించాక కెమెరా ఆమె చేతికొచ్చింది. ఆయన పోయాక స్టూడియో కూడా ఆమెదే అయింది. ఇప్పుడు నలభై దాటింది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, జీడిపప్పు ప్యాకెట్ల మీద వేసే ఫోటోలు అన్నీ తీస్తుంది.

పిరికిదాన్నని తనే చెప్పుకుంటుంది. కుక్కంటే భయం, ఉరుమంటే భయం. ఎలుగుబంటి మాటెత్తితే ముఖం తిప్పుకుంటుంది. పుట్టింది ఉద్దానం పల్లెలో. ఆమె చిన్నతనంలో పెదనాన్న జీడిపిక్కలు ఏరడానికి తోటలోకి వెళ్లి ఎలుగు చేతికి చిక్కాడు. బతికాడు కానీ ఒక కన్ను, పై పెదవి పోయాయి. ఆయన తువ్వాలు చుట్టుకున్న ముఖంతోనే అన్నం తినేవాడు. ఇంట్లో పిల్లలెవరూ ఆయన ఎదురుగా కూర్చునేవారు కాదు.

అలాంటి మనిషి తోటలో ఫోటోలు తీయడానికి ఒప్పుకుంది వైకుంఠరావు మాస్టారి కోసం. ఆయన టెక్కలిలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. వజ్రపుకొత్తూరు వైపు సముద్రానికి దగ్గర్లో ఆయనకో తోట ఉంది. తిత్లీ తుపానులో కొబ్బరిచెట్లు చాలావరకు పడిపోయాయి. ఖాళీ అయిన చోట ఆయన సిమెంటు బొమ్మలు కట్టడం మొదలుపెట్టారు. అన్నీ పేరున్న పెయింటింగులు చూసి చేసినవే. చేతులు ఒకదాని మీద ఒకటి వేసుకున్న మోనాలిసా ఉంది. రెండు చెవులూ మూసుకుని కేక పెడుతున్న మనిషి ఉన్నాడు. అరచేయి అడ్డుపెట్టి దీపం ఆరిపోకుండా నడుస్తున్న ఆడమనిషి ఉంది. వీటి ఫోటోలతో ఒక పుస్తకం వేయాలని ఆయన ఆశ.

మొదటి రోజు ఫోటోలు తేలిపోయాయి. సిమెంటు బూడిదరంగు, వెనక ఇసుక అదే రంగు, పైన మబ్బు కూడా అదే రంగు. ముక్కేదో చెంపేదో తెలియలేదు. మోహిని ఆలోచించింది. ఊళ్లో అమ్మవారి నల్లరాతి విగ్రహానికి నూనె పట్టించగానే కళ్లూ ముక్కూ ఎలా తేలుతాయో ఆమెకు తెలుసు. కొబ్బరినూనె సీసా కొని, పాత చీర ముక్కతో మోనాలిసాకు పట్టించింది. రాత్రికి నూనె ఇంకి, తెల్లవారి ఏటవాలు వెలుతురులో బొమ్మ వేళ్ల మధ్య నీడలతో సహా ఫోటోలో పడాలని లెక్క వేసుకుంది. ఆ లెక్క బాగానే పనిచేసింది. పొద్దున ఫోటోలు తీసింది. పగలంతా పట్నంలో వేరే పని చూసుకుని, సాయంత్రం మళ్లీ తోటకు వెళ్లి, దీపం పట్టుకున్న ఆడమనిషికి తల నుంచి పాదం దాకా నూనె పట్టించి వచ్చింది.

స్టూడియో మూసే ముందు పొద్దుటి ఫోటోలు కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూసింది. మోనాలిసా మోచేతి దగ్గర నూనె లేదు. ఇంకిపోయిందని పొద్దున అనుకుంది. ఇప్పుడు చూస్తే అక్కడ కింది నుంచి పైకి వెడల్పాటి చారలు కనిపించాయి. మణికట్టు మడతలో నల్లటి మొరటు వెంట్రుక అంటుకుని ఉంది. ఇంకో ఫోటోలో దిమ్మె పక్క ఇసుకలో మనిషి పాదం లాంటి ముద్ర, దాని వేళ్ల ముందు గోళ్లు దిగిన గుంటలు.

దీపం నూనె కోసం ఎలుగుబంట్లు గుళ్లలో దూరుతాయని ఉద్దానంలో తెలియనివారు లేరు. ఆమె పుట్టిన ఊళ్లో గుడికి ఇనుప తలుపు పెట్టించింది అందుకే. గుడి విషయం అనుకుందే తప్ప, ఫోటో కోసం తను పూసేది కూడా నూనేనని ఆమెకు తట్టలేదు.

వెంటనే కాంతమ్మ గుర్తొచ్చింది. కాంతమ్మ పక్కన ఉన్న చేపలవాళ్ల పల్లె మనిషి. రోజూ పొద్దున్నే మసక వెలుతురులో తోటకు వచ్చి, కంచె సందులోంచి దూరి ఆకులు ఊడుస్తుంది. దీపం పట్టుకున్న బొమ్మ ఉన్నది ఆ సందు పక్కనే.

మోహిని మాస్టారికి ఫోన్ చేసింది.

"మాస్టారూ, తోటలోకి ఎలుగొత్తంది. కాంతమప్పని రేపు రావొద్దని సెప్పించాలి."

"ఎలుగా? ఇన్నేళ్లలో రానిది ఇప్పుడెందుకొస్తుందమ్మా?"

"నానే పిలిసినట్టయింది మాస్టారూ. బొమ్మలకి నూనె రాసేను."

"నూనా? నా బొమ్మలకా? ఎవర్ని అడిగి రాశావు? సిమెంటు నల్లబడిపోదూ?"

"బొమ్మల సంగతి తరవాత తిడుదురుగాని. ముందు మనిషి సంగతి సూడండి."

కాంతమ్మకు ఫోన్ లేదనీ, ఆ పల్లెలో ఎవరి నంబరూ తన దగ్గర లేదనీ ఆయన చెప్పారు.

మోహిని భర్త పోలారావు ఆటో నడుపుతాడు. ఆమెకు మేనత్త కొడుకు. ఆమె ఇప్పుడే వెళ్దామంటే అతను ఆటో తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"సీకట్లో ఎల్తే ఎలుగుకి రెండు కూరలు. నువ్వొకటి, నానొకటి."

"కాంతమప్ప మసక ఎలుతురికే వొచ్చెత్తాది బావా."

"మనం అంతకన్నా ముందే ఉంటాం. పడుకో."

ఆమె పడుకోలేదు. పెదనాన్న అన్నం తినేటప్పుడు తువ్వాలు కింద నుంచి వచ్చే చప్పుడే చెవిలో వినపడుతూ ఉంది.

తెల్లవారుజామున బయల్దేరారు. రైలు గేటు దగ్గర గూడ్సు బండి అడ్డం వచ్చింది. పెట్టెలు ఎంతకీ తరగలేదు. గేటు ఎత్తేసరికి తూర్పున ఆకాశం తేలికపడింది. తోట చేరేసరికి చెట్లు వేరువేరుగా కనిపిస్తున్నాయి. ఆటో దారి తోట గేటు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి పల్లెకు కంచె పక్కనే ఇసుకలో నడవాలి.

ఇంజను ఆపగానే చప్పుడు వినిపించింది. ఎవరో తాటిపండును చప్పరిస్తున్నట్టుగా ఉంది. దీపం పట్టుకున్న బొమ్మను ఇంకో ఆకారం వాటేసుకుని నిలబడి ఉంది. అది తల పైకీ కిందికీ ఆడిస్తోంది.

పోలారావు చెయ్యి హారన్ మీదికి పోయింది. మోహిని అతని మణికట్టు పట్టుకుంది.

"కొట్టకు బావా! నాను వొచ్చినప్పుడల్లా గేటు దగ్గర ఆరన్ కొడితే, తియ్యడానికి అప్ప పరిగెట్టుకొత్తాది. ఇప్పుడు కొడితే అదే అనుకుంటాది."

"మరేటి సేద్దాం?"

ఆమె భుజాన కెమెరా సంచీతోనే దిగింది. పోలారావు చెంగు పట్టుకుని లాగాడు. విడిపించుకుంది. తర్వాత ఎవరడిగినా ధైర్యం చేశానని చెప్పలేదు. ఆగితే కాళ్లు ఇంక కదలవని భయమేసి నడిచానని చెప్పింది.

కంచె బయట మొగలి పొదల పక్కన వంగి నడిచింది. లోపల చప్పరింపు వినిపించినంతసేపూ అడుగు వేసింది. అది ఆగితే తనూ ఆగింది. కంచె సందు దాటి కొంచెం దూరం పోయాక, చీపురు చంకలో పెట్టుకుని వస్తున్న కాంతమ్మ ఎదురైంది.

"ఏటే పిల్లా, ఇలాగొత్తన్నావు? గేటు దగ్గర..."

మోహిని ఆమె నోరు మూసింది. కాంతమ్మ ఆ చెయ్యి లాగేయబోయింది. కంచె వైపు చూసి ఊరుకుంది.

లోపల చప్పరింపు ఆగిపోయింది. ఎండుటాకుల మీద బరువైన అడుగులు సందు వైపే వస్తున్నాయి. ఇద్దరూ మొగలి పొద మొదట్లో కూర్చుండిపోయారు. ముళ్లు వీపుల్లో దిగాయి. ఎలుగు సందులోంచి బయటికి వచ్చింది. పొద దాటి దిబ్బల వైపు నాలుగడుగులు పోయింది. ఆగింది. ముక్కు ఎత్తి గాలి పీల్చింది. వెనక్కి తిరిగింది.

దాని ముక్కు తన వైపే ఎందుకు తిరిగిందో మోహినికి అర్థమైంది. నూనె రాసిన చీర ముక్క కెమెరా సంచీలోనే ఉంది. సంచీ ఒడిలో ఉంది. ఎలుగు ముఖం మీది బురద, పెదవుల మీద మెరుస్తున్న నూనె కనిపిస్తున్నాయి. సంచీ పట్టీ మెడ దగ్గర చిక్కుకుంది. తల వంచి లాగి, ఉన్న బలమంతా పెట్టి ఇసుకలోకి విసిరింది.

ఎలుగు సంచీ మీద పడింది. జిప్పు తెగిన చప్పుడు, గాజు పగిలిన చప్పుడు వినిపించాయి. గుడ్డ బయటికి లాగి, దాన్ని నోట కరుచుకుని పక్కనున్న జీడితోపులోకి పోయింది.

పోలారావు ఇసుకలో పరిగెట్టుకుంటూ వచ్చేదాకా ఇద్దరూ లేవలేదు. పోలారావు కెమెరా ముక్కలు ఏరుతూ, "దాని ఫోటో ఒక్కటైనా తీసేవా?" అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లూ అతన్ని ఒకేసారి తిట్టారు.

నూనె సంగతి విన్నాక కాంతమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నెత్తికి రాసుకోడానికి నాకు సుక్క నూనె లేదు. సిమెంటు ముండకి తల దగ్గర్నుంచి కాలి దాకా పోసేవేటే?"

"తప్పయిపోనాదప్పా."

"నానుగాని సచ్చుంటే నీ నోట్లో ఈ సీపురు పెట్టేదాన్ని."

"సచ్చినాక ఎలా పెడతావప్పా?"

"పెట్టేదాన్ని. సూసుకో."

నూనె రాసి తీసిన మోనాలిసా ఫోటోలు స్టూడియో కంప్యూటర్‌లో ఉన్నాయి. మాస్టారు చూసి నూనె మాట మరిచిపోయారు. మిగతావి కూడా అలాగే తీయమని, కెమెరా ఎక్కడైనా అద్దెకు తెచ్చుకోమని చెప్పారు. మోహిని కుదరదంది. రెండు బొమ్మల మీదా నూనె వాసన ఉన్నంతకాలం కాంతమ్మకు ఆ దారి లేనట్టే. పక్క రోజు ఎండ బాగా ఎక్కాక ఆమె కుంకుడురసం, బూడిద, కొబ్బరిపీచు తీసుకుని తోటకు వెళ్లింది. కాంతమ్మ ఖాళీ నూనెడబ్బా, కర్ర పట్టుకుని జీడితోపు వైపు నిలబడి మోగిస్తోంది.

మోనాలిసాకు పట్టిన నూనె తొందరగానే వదిలింది. దీపం పట్టుకున్న ఆడమనిషి మడతల్లో నూనె దిగిపోయింది. మోహిని తోపు వైపు కళ్లు పెట్టి, చేత్తో తడుముకుంటూ తోముతోంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి తోపుకి వీపు పెట్టక తప్పలేదు. సరిగ్గా అప్పుడే డబ్బా మోత ఆగిపోయింది. పీచు పట్టుకున్న చెయ్యి బొమ్మ చెంప మీదే ఆగింది. వెనక్కి తిరిగి చూడటానికి మెడ రాలేదు.

"ఉన్నావేటి అప్పా?"

జవాబు లేదు. ఆకులు కదిలాయి.

"అప్పా!"

"ఉన్నానే. ముక్కు సీదుకుంటన్నాను. తోము."