ఒంటెబండి బేరం

నా బేరాలన్నింటిలోకీ గొప్పది ఎడారిలో చేశాను. నాలుగు వందలు అడిగిన ఒంటెబండి మనిషిని నూటయాభైకి దించాను, అదీ ఆయన నవ్వుతూ ఒప్పుకునేలా. సగం దాకే చెప్పి ఆపడం చేతనైతే, కిషన్‌బాగ్‌లోని మా దుకాణం ముందు కూర్చుని ఇప్పటికీ ఈ కథ చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. మొన్న పొద్దున బహదూర్‌పురా జూలో నడుస్తుంటే నా బామ్మర్ది చింకారా జింకల కంచె దగ్గర ఆగి, "బావా, గీటిని చూస్తే గా ఊరు యాదికొస్తలేదా?" అన్నాడు. మోకాళ్ల నొప్పి అని చెప్పి ముందుకు నడిచాను. మోకాళ్ల నొప్పి ఉన్నవాడెవడూ అంత వేగంగా నడవడు.

ఇరవై రెండేళ్ల కిందట మేమిద్దరం ఉన్ని కంబళ్లు కొనడానికి రాజస్థాన్‌లో దేశ సరిహద్దు దగ్గరున్న ఆ ఊరికి వెళ్లాం. ముప్పై ఇళ్లు, ఒక బావి, మిగతాదంతా ఇసుక. కంబళ్లు నేసేవాళ్లు ఇంకా అవతలి పల్లెలో ఉంటారు. పోవాలన్నా రావాలన్నా ఒంటెబండే దిక్కు. నేను బేరమాడుతుంటే బామ్మర్ది మోచేతిని గిల్లాడు.

"ఇచ్చెయ్ రాదు బావా, మస్తు దూరముందట."

"నువ్వు సప్పుడు జెయ్యకు. పోరగాన్నప్పటి సంది గల్లా కాడ కూసున్నోణ్ని, నాకు జెప్తవా?"

బండి ఆయన తన హిందీలో, "సరే సేఠ్, పొద్దు వాలకముందే తిరిగొద్దాం. ఆ తర్వాత నీళ్లు తోలే పని ఒకటి చూసుకుంటాను, లేకపోతే నాకు గిట్టదు" అన్నాడు. ఆ మాటలో మొదటి రెండు అక్షరాలే నాకు వినిపించాయి.

యుద్ధం వచ్చినప్పుడు ఒక్క పూటలో ఊరు ఖాళీ చేయించారని దారిలో ఆయనే చెప్పాడు. తిరిగొచ్చేసరికి పొలాల్లో మందుపాతరలు ఉన్నాయట. సైన్యం చాలావరకు తవ్వి తీసిందట గానీ, గాలికి ఇసుక కదిలితే అవీ కదులుతాయి. దొరకనివి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. అందుకే ఆ నేల చుట్టూ సున్నం కొట్టిన రాళ్లు వరుసగా పెట్టారు. వాటిని చుట్టి పోవడానికి మాకు మూడు గంటలు పట్టింది. రాళ్ల లోపల మాత్రం చింకారాలు దర్జాగా మేస్తున్నాయి. ఒక పొద నీడన ఎడారి నక్క పడుకుంది. దూరంగా రెండు బట్టమేక పిట్టలు మెడలు నిక్కించి, పెళ్లిలో అలిగిన పెద్దమనుషుల్లా తిరుగుతున్నాయి.

"మనిషి రాడు, తుపాకీ రాదు. వాటికి ఇంతకంటే మంచి చోటేది?" అన్నాడాయన.

"మరి పేలవా?"

"చింకారా బరువెంత సేఠ్? దాని కాలు మందుపాతరకు తెలియను కూడా తెలియదు. నా ఒంటెదైతే తెలుస్తుంది."

కంబళ్లు ఎక్కించి తిరుగుముఖం పట్టేసరికి పొద్దు పడమటికి మళ్లింది. బండి బరువైందని మేం వెనక నడిచాం. ఆయన ముక్కుతాడు పట్టుకుని ముందు నడిచాడు. రాళ్ల వరుస దగ్గర ఒకసారి సూర్యుడి వైపు చూసి, రెండు రాళ్ల నడుమ నుంచి లోపలికి మళ్లాడు. అడ్డంగా పోతే గంటన్నర కలిసొస్తుంది.

"బావా, ఆపు ఆయన్ని!"

"ఆయన ఊరు, ఆయనకెరుకలేదా?" అన్నాను.

ధర నొక్కితే అమ్మేవాడు తూకంలోనో నేతలోనో ఎక్కడో ఒకచోట తగ్గిస్తాడని దుకాణంలో పెరిగిన నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు తగ్గింది దారి. అందుకే బామ్మర్దిని పట్టుకుని యాభై అడుగులు వెనకబడి, చక్రం తొక్కిన జాడలోనే అడుగులు వేశాను.

చప్పుడు వినపడేసరికే ఇసుక లేచింది. చింకారాలన్నీ ఒక్కసారిగా ఎగిరి చెల్లాచెదురయ్యాయి. ఒంటెకు ముందుకాళ్లు లేవు. ఆయనకు ఎడమకాలు మోకాలి కింద లేదు. నా వైపు తిరిగి, "సేఠ్, కంబళ్లు బాగున్నాయా?" అని అడిగాడు. బాగానే ఉన్నాయి. ఒకటి చించి ఆయన కాలికి కట్టాం. ఊరివాళ్లు జీపు తెచ్చేదాకా ఒంటె అరుస్తూనే ఉంది.

ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టాను. తర్వాత సంతలో ఆయనకు ఇంకో ఒంటెను కొనిచ్చాను. సిగ్గులేని నోరు, అక్కడా రెండు వేలు తగ్గించింది. బామ్మర్ది ఇప్పటికీ ఆయనకు ఫోన్ చేస్తాడు. నేను పక్కన కూర్చుని వింటాను. ఆ కంబళ్లు ఒక్క చలికాలంలో అమ్ముడైపోయాయి. నేను మిగిల్చుకున్న రెండు వందల యాభై తిరుగు ప్రయాణం పూర్తికాకముందే ఖర్చయిపోయింది. ఆయన మాత్రం ఆ ఇసుకలో ఒంటికాలితో ఇరవై రెండేళ్లుగా నడుస్తూనే ఉన్నాడు.