మెడ కింద నీడ

బుడాపెస్టు బ్యాంకరు భార్య వలేరియా దొరసాని రాని రోజుల్లో, తన బొమ్మ కోసం ఆవిడ వేసే టర్కీ రాణి వేషాన్ని చిత్రకారుడు ఆండోర్ పెళ్లాం పిరోష్కా తొడుక్కుని నిలబడాలి. బొమ్మలో దొరసాని ముఖం ఎప్పుడో పూర్తయింది, బట్టల ముడతలే మిగిలాయి. ఆ పసుపు మఖమలు కోటు నిండా దొరసాని అత్తరు వాసన. నడుం దగ్గర గుండీ పట్టక పిరోష్కా పిన్నీసుతో బిగించుకుంటుంది. కాన్వాసు మీది ముఖం తన మొగుణ్ణి చూసి నవ్వుతుంటే ఆమెకి ఒళ్లు మండిపోతుంది. ఇన్నేళ్ల కాపురంలో తన బొమ్మ ఒక్కటీ వెయ్యలేదు మహానుభావుడు.

ఒకరోజు ఆండోర్ కుంచె ఆపి, "పిరోష్కా, గడ్డం కాస్త పైకెత్తవే" అన్నాడు. ఆమె జుట్టు సవరించుకుని, పెదవులు తడుపుకుని గడ్డం ఎత్తింది. "ఆఁ, అదీ! ఇందాకటి నుంచీ నీ గడ్డం నీడ కాలరు మీద పడి ప్రాణం తీస్తోంది." "నా ముఖం వేస్తున్నావేమో అనుకున్నా." "నీ ముఖం రోజూ చూసేదేగా!" అంటూ అతను రంగులు కలపడానికి వంగాడు. పిరోష్కా మెల్లగా గడ్డం దించేసింది. వెలుతురు పోతోందన్న కంగారులో అతను నీడతో సహా కనబడిందల్లా వేసేశాడు. ఇప్పుడు ఆ బొమ్మ దొరసాని హాల్లో వేలాడుతోంది. గడ్డం పైకెత్తి నవ్వుతున్న ఆవిడ మెడ కింద పిరోష్కా నీడ నల్లగా పరుచుకుని ఉంది.