కొత్తావిణ్ణి ఏమని పిలవాలి?

ఆ రోజుల్లో పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచే మగాడు ఒరిస్సా కొండల్లోని మా సునాబెడ ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఒక్కడూ లేడు. తలుపులేసుకుని పిలిచేవాళ్ళేమో నాకు తెలీదు గానీ, నలుగురిలో మాత్రం లేదు. విమానం ఇంజన్లు విప్పి బిగించే మహానుభావులు, ఆఫీసర్లతో హిందీ, సంతలో ఒడియా, మిషన్లతో ఇంగ్లీషు దంచేసేవాళ్ళు, ఇంటి గుమ్మంలోకి వచ్చేసరికి నోరు పడిపోయి "ఇదిగో" అనేవారు. సాయంత్రం షిఫ్టు వదిలాక మా వరసంతా ఇదిగోలే. ఏ ఇదిగో ఎవరి కోసమో ఆడవాళ్ళు గొంతుని బట్టి పోల్చుకుని, ఎవరి కాఫీ వాళ్ళు పట్టుకెళ్ళేవారు. (ఒక్కసారి కూడా కాఫీ మారిపోయిన దాఖలా లేదు.) ఇక ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిల్లల పేర్లతో పిలుచుకునేవారు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ అందరికీ "సిట్టి వాళ్ళమ్మ". ఆ సిట్టిని నేనే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. రెండేళ్ళు మేం తండ్రీ కూతుళ్ళం మాడిన అన్నం తిన్నాక, నాన్న బారువ దగ్గర సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఒకావిణ్ణి పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. వచ్చిన రోజున పక్క క్వార్టరు అత్త "కొత్తావిడ ఒచ్చినాదట" అని వరసంతా చాటింది. ఏడాది గడిచినా ఆవిడ కొత్తావిడే. "సిట్టి వాళ్ళమ్మ" అనడానికి ఎవరికీ నోరు రాలేదు, ఎందుకంటే సిట్టి ఆవిణ్ణి ఏమీ అనేది కాదు. పిన్ని అనమని నాన్న చెప్పాడు. నేను వినలేదు. ఒక మనిషిని ఏమీ అనకుండా ఏడాది పాటు ఆ మనిషి చేతి అన్నం తినడం మాటలు కాదు, దానికి చాలా తెలివి కావాలి. "ఆకలేస్తోంది" అని పొయ్యితో చెప్పేదాన్ని. "రిబ్బను కనబడ్డం లేదు" అని గోడకి ఫిర్యాదు చేసేదాన్ని. జడ వేయించుకోవాలంటే దువ్వెన పట్టుకుని వెళ్ళి వీపు తిప్పి నిలబడేదాన్ని, అంతే. ఆవిడ పొయ్యి తరఫునా గోడ తరఫునా కూడా తనే పలికి, అన్నం పెట్టి, రిబ్బను వెతికి, జడ వేసేది. ఒక్కనాడు విసుక్కోలేదు. విసుక్కుంటే బావుణ్ణని నాకు ఉండేది, పోట్లాడుకోవచ్చు కదా!

ఆవిడకి మా కొండల చలి పడలేదు. పొద్దున్నే మంచు దిగి ఎదుటి క్వార్టరు కూడా కనబడకపోతే, చీర మీద నాన్న స్వెట్టరు తొడుక్కుని గుమ్మంలో నిలబడి, ఏదో పారేసుకున్న మనిషిలా ఆ తెల్లటి మంచులోకి చూసేది. మాట తక్కువ. నవ్వు ఇంకా తక్కువ. ఇంతలో ఆవిడ అన్నయ్య నుంచి కబురొచ్చింది, చెల్లెల్ని కొన్నాళ్ళు పుట్టింటికి పంపమని. కుళాయి దగ్గర పక్కింటత్త నలుగురితో అంటుంటే నేను విన్నాను. "ఎల్తే మరి రాదు, సూడండి. ఏటున్నాదని వత్తాది? మొగుడు సూత్తే డూటీ, పిల్ల సూత్తే మూగనోము." నేను బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను. సంతోషించాలి కదా నేను? సంతోషించానని గట్టిగా అనుకున్నాను కూడా. కానీ ఆ రోజు నుంచీ అన్నం సయించలేదు. జ్వరమేమోనని నాకు నేనే నుదురు పట్టుకుని చూసుకునేదాన్ని.

నాన్న మాటల మనిషి కాదు, లేతు మిషను మీద పనిచేసే టర్నరు. ఏదైనా చేతులతో చెయ్యాలి ఆయనకి. రిపబ్లిక్ డేకి ఆదివారం కలిసొస్తే మా వరసవాళ్ళు చిలికా సరస్సుకి పిక్నిక్ వేసుకున్నారు. నాన్న అందరికంటే ముందు పేరిచ్చేశాడు. నీళ్ళు చూస్తే ఆవిడ మొహం కాస్త విప్పారుతుందని ఆయన ఆశ. తిరుగుదారిలో రైలు ఆవిడ పల్లెకి దగ్గరి స్టేషను సోంపేట మీదుగానే వస్తుంది కాబట్టి ఆవిణ్ణి అక్కడ దింపేద్దామనుకున్నారు, అన్నయ్య స్టేషనుకి వస్తాడు. తిరిగి ఎప్పుడొస్తావని నాన్న అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ట్రంకు పెట్టెలో ఆవిడ బట్టలన్నీ సర్దింది. నేను చూశాను, ఒక్కటీ మిగల్చలేదు.

మా పిక్నిక్‌కి సెక్రటరీ మావయ్య నాయకుడు. ఎప్పుడో ఏదో సంఘానికి సెక్రటరీగా చేశాడట, సంఘం పోయినా పేరు ఉండిపోయింది. మెళ్ళో ఈల. సాలూరు ఘాటీ దిగి విజయనగరం పోవడం దగ్గరదారి అని చంటిపిల్లాడికి కూడా తెలుసు. అయినా మమ్మల్ని బస్సులో రాయగడ తీసుకెళ్ళి అక్కడ రైలెక్కించాడు, ఎందుకంటే ఆయన బావమరిది రాయగడ స్టేషనులో పనిచేస్తాడు, వాళ్ళింట్లో చేపలపులుసు బావుంటుంది. (బావుంది కూడా. అందుకని ఎవరూ ఏమీ అనలేదు.) అలా రైళ్ళు మారి మారి, బాలుగావ్‌లో దిగి ధర్మశాలలో పడుకుని, మర్నాడు పొద్దున్నే పడవెక్కాం.

పెద్ద నాటు పడవ, తెరచాప వేసింది. మా మూడు నాలుగు కుటుంబాలూ అందులో సరిపోయాం. వాగులు తప్ప నీళ్ళెరుగని కొండవాళ్ళం, అందరం మధ్యలో ముద్దలా కూర్చున్నాం. ఒక్క కొత్తావిడ మాత్రం అంచు దగ్గర, నాకూ నీళ్ళకీ మధ్యన కూర్చుంది. పిట్టల దీవుల దగ్గరికి పోయేసరికి నీళ్ళ మీద బాతులు గుంపులు గుంపులుగా లేచాయి, ఆకాశం అంతా రెక్కల చప్పుడు. ఆవిడ చెయ్యి నీళ్ళలో ముంచి నాలిక్కి రాసుకుని, "ఉప్పగున్నాయండీ!" అని కేకేసింది. అంత గొంతు ఆవిడకి ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. "నీళ్ళు ఉప్పగున్నాయని సంబరపడిన మనిషిని ఇప్పుడే సూడ్డం" అన్నాడు సెక్రటరీ మావయ్య. అందరూ నవ్వారు. నాన్న మాత్రం నవ్వకుండా ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి కాళీజాయి దీవి చేరాం. రాళ్ళ గుట్ట, దాని మీద అమ్మవారి గుడి, మొక్కు కింద వదిలేసిన మేకలు. పడవతను ఒడియాలో కథ చెప్పాడు: జాయి అనే పిల్లని తండ్రి పడవలో అత్తవారింటికి తీసుకెళుతుంటే తుఫానొచ్చి పిల్ల ఒక్కతే మునిగిపోయిందట, ఆ పిల్లే ఈ అమ్మవారట. "సుభమా అని వత్తే ఇవేటి కతలు బాబూ!" అంది పక్కింటత్త చెవులు మూసుకుని. కొత్తావిడ మాత్రం కథ అంతా విని, గుళ్ళో గాజులు సమర్పించి చాలాసేపు దణ్ణం పెట్టుకుంది. తరవాత పులిహోర తిన్నాం, మేకలు మా విస్తళ్ళు తిన్నాయి. ఇంతలో పడవతను కంగారుగా వచ్చాడు. "పొబొనొ ఉఠిలాణి! ఆసొంతు, ఆసొంతు!" గాలి లేస్తోంది, రండి రండి అని. సెక్రటరీ మావయ్య ఈల ఊది, ఫ్యాక్టరీలో హాజరు మస్టరు తీసినట్టు ఒడ్డున నిలబడి కేకలేశాడు. "ఫిట్టరు ఫ్యామిలీ!" "ప్రెజెంట్!" "టర్నరు బావ ఫ్యామిలీ!" "ప్రెజెంట్!" అన్నాడు మా నాన్న. ఇంటికొక మగాడు పలికితే ఇల్లంతా ఉన్నట్టే లెక్క. కొత్తావిడ తెరచాప వెనక ఆడవాళ్ళతో ఉందని నాన్న అనుకున్నాడు, నాన్న దగ్గర ఉందని ఆడవాళ్ళు అనుకున్నారు. పడవ కదిలింది.

కాస్త దూరం వచ్చాక పక్కకి చూస్తే నాకు నీళ్ళు కనబడ్డాయి. వచ్చేటప్పుడు కనబడలేదు, మధ్యన ఆవిడ ఉండేది. "నాన్నా, రాలేదు!" అన్నాను. "ఎవరు?" "రాలేదు నాన్నా!" "ఎవరే?" ఏమనాలి? ఏడాది తెలివీ నా గొంతుకి అడ్డం పడింది. "మనింట్లో ఉంటాది సూడు... నాకు జడేస్తాది... ఆవిడ!" అని ఏడుపు లంకించుకున్నాను. ముందు పడవంతా నవ్వింది. తరవాత నవ్వుతున్నవాళ్ళంతా ఒక్కసారిగా తెరచాప వెనక్కి తిరిగి చూశారు. జాయి కథ అందరికీ ఒకేసారి గుర్తొచ్చి ఉంటుంది. నాన్న పడవలో లేచి నిలబడిపోయాడు. పడవతను మా అందరికీ బుద్ధి లేదని ఒడియాలో చెబుతూనే పడవ వెనక్కి తిప్పాడు.

దీవి మీద నాన్న పరుగు. "ఇదిగో! ఇదిగో! ఏమేవ్!" ఆ రోజు అక్కడ వేరే పడవలవాళ్ళు చాలామంది ఉన్నారు. గంజాం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళూ ఉన్నారు కాబోలు, మా నాన్న ఇదిగోకి ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు "వత్తన్నానండి" అని పలికి, ఆయన మొహం చూసి సిగ్గుపడి వెళ్ళిపోయారు. "పేరెట్టి పిలు బావా, పేనం మీదికొచ్చినాక కూడా సిగ్గేటి?" అన్నాడు సెక్రటరీ మావయ్య. నాన్న నోరు తెరిచాడు, మూశాడు. చివరికి ఆయన చెవిలో పేరు చెప్పి, "నువ్వు పిలు" అన్నాడు. "ఓర్నాయనో! పరాయి ఆడమనిసిని పేరెట్టి నేను పిలవాలా? మా ఇదిగో పడవలోనే ఉన్నాది, ఇంటికెల్లేక నాకు కూడెవరు పెడతారు?" అని ఆయన ఈల అందుకున్నాడు. ఈలకి మేకలు వచ్చాయి. పక్కింటత్త "కొత్తమ్మా, ఓ కొత్తమ్మా!" అంటే పసుపుబట్టల పెళ్ళికూతురు ఒకతి బిత్తరపోయి మొగుడి వెనక దాక్కుంది. ఇంతమంది పెద్దవాళ్ళం, ఒక మనిషిని పిలవడానికి మా దగ్గర ఏమీ లేదు.

గాలి పెరుగుతోంది. పడవతను అరుస్తున్నాడు. మిషను మీద వెంట్రుకంత తేడా రానివ్వని నాన్న, ఒకసారి వెతికిన చోటే మళ్ళీ మళ్ళీ వెతుకుతున్నాడు. నేను గుట్ట మీద అన్నింటికంటే ఎత్తయిన రాయెక్కాను. ఏం అరవాలో ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే వచ్చేది కాదేమో. "అమ్మా!" అని అరిచాను. మళ్ళీ "అమ్మా! అమ్మా!" అని గొంతు చించుకున్నాను.

దీవి దీవంతా నా వైపు తిరిగింది. గుడి మెట్ల మీది ఆడవాళ్ళు తిరిగారు, గాజులమ్మే ముసలమ్మ తిరిగింది, పడవలోంచి సెక్రటరీ మావయ్య భార్య "ఏటమ్మి?" అంది. అప్పుడే పై నుంచి నాకు కనబడింది: కింద రాళ్ళ చాటున, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, వీపు ఇటు తిప్పి ఒకావిడ కూర్చుని ఉంది. నాన్న స్వెట్టరు. అంత దగ్గర్లో ఉంది. ఆ దీవి మీద తిరగనిది ఆవిడ ఒక్కతే.

మోకాళ్ళు చెక్కుకుపోయేలా రాళ్ళు దిగి వెళ్ళి భుజం పట్టుకుని కుదిపాను. ఆవిడ ఉలిక్కిపడి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏటయ్యింది? మోకాళ్ళేటి అలగ కొట్టుకుపోనాయి?"

"ఇంత అరిస్తే వినబడలేదా?" అన్నాను రొప్పుతూ.

"వినబడింది అమ్మి. ఎవలి పిల్లో, పాపం, తల్లి కోసం ఏడుస్తన్నాది, ఆ తల్లి పలకదేటి అనుకున్నాను."

"నేనే పిలిచేను."

"ఎవర్ని?"

ఎవర్ని అని అడిగింది. ఎంత నిజంగా అడిగిందంటే, ఆవిడకి అనుమానమైనా రాలేదు. "నిన్నే" అన్నాను, ఆవిడ ఒళ్ళో పడిపోయాను. ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చింది. మధ్యలో నీళ్ళు దోసిట్లో తీసి నా మోకాళ్ళు కడిగింది. ఉప్పునీళ్ళు కదా, ప్రాణం పోయినంత మండింది. "అమ్మో!" అన్నాను. "ఆఁ" అని పలికింది.

పడవలో ఎవరూ ఆవిణ్ణి ఏమీ అనలేదు. పడవతను మాత్రం ఒడ్డు చేరేదాకా అందర్నీ తిట్టాడు. నాన్న "మంచినీళ్ళు తాగుతావా" అని ఆవిణ్ణి మాటిమాటికీ అడిగాడు.

మర్నాడు సోంపేటలో రైలాగింది. నాన్న ట్రంకు పెట్టె దింపాడు, ఆవిడ దిగింది, ఆవిడ వెనకాలే నేనూ దిగాను. "నువ్వెక్కడికే?" అన్నాడు నాన్న. "అమ్మతో" అన్నాను. "బడో?" "జ్వరమని సెప్పు." "గౌను?" ఒంటి మీదున్న గౌను తప్ప వెంట వేరే లేదు, ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. "నేను కుట్టిత్తానులెండి" అంది ఆవిడ. రైలు కూత వేసింది. నాన్న గాభరాగా ఎక్కి, తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని, ఇన్నాళ్ళూ అడగని మాట కదిలే రైల్లోంచి అడిగాడు. "మరెప్పుడొస్తావు?" ఆవిడ నా చెయ్యి పట్టుకుని రైలుతోపాటు నాలుగడుగులు నడిచింది. "దీనికి బడున్నాది కదండీ, వారంలో వచ్చేత్తాం" అంది. నాన్న సోంపేట దాటేదాకా అలా వేలాడుతూనే ఉన్నాడట. కాస్తయితే పడిపోయేవాడేనని పక్కింటత్త తరవాత చెప్పింది.

అప్పుడావిడకి ఇరవై రెండేళ్ళు. ఈ లెక్క నాకు మొన్న మొన్ననే, మా మనవరాలికి ఇరవై రెండు నిండిన రోజున తట్టింది. మనవరాలు ఇంకా పాలమీద మీగడ ఉందని అలుగుతుంది, బల్లి కనబడితే మంచమెక్కుతుంది. అంతటి పిల్లతోనా నేను ఏడాది పాటు పొయ్యినీ గోడనీ మధ్యన పెట్టి మాట్లాడాను! పన్నెండేళ్ళ పెద్దమనిషిని, ఎంత బింకమో! తలుచుకుంటే ఒక్కదాన్నే నవ్వుకుంటాను. కానీ తనని పిలిచిన పిలుపుకి తనే జాలిపడి కూర్చున్న ఆ పిల్ల వీపు గుర్తొచ్చేసరికి, నా నవ్వు ఎప్పుడూ చివరిదాకా రాదు.